తడవని పడవ

సముద్రాన్ని ప్రజలకు ఇచ్చేస్తున్నట్టు ప్రభుత్వంవారు ప్రకటించి అప్పటికి రెండేళ్ళు దాటింది. అంతకుముందు అది ఎవరిదో ఆ ప్రకటనలో రాయలేదు. ‘మన పడవ – మన సముద్రం’ అని పథకం పేరు. ఎవరి పడవ వాళ్ళు బండికి కట్టుకుని గవ్వలరేవు తీరానికి రావచ్చు, నాలుగు రోజులు సముద్రంలో విహరించి పోవచ్చు. ఇందుకోసం తీరవిహార సంస్థ అని ఒకటి పుట్టింది. దానికి ఇసుకలో నాలుగంతస్తుల మేడ లేచింది. మేడలోకి నలభైముగ్గురు ఉద్యోగులు వచ్చారు. రానిదల్లా పడవే.

పక్కనే జాలరిపేట ఉంది, అక్కణ్ణించి రోజూ నలభై పడవలు సముద్రంలోకి వెళ్ళొస్తూనే ఉంటాయి. కానీ రోడ్డు మీద రాని పడవలు పడవల కిందకి రావని నిబంధన. ఎర్రజెండా పాతిన చోటికి సంస్థ హద్దు అయిపోతుంది. జెండాకి అవతలున్న పడవలు సంస్థకు కనబడవు.

పథకానికి జనం రాకపోవడంలో జనం తప్పేమీ లేదు. కారున్నవాడికి పడవ ఉండదు, పడవున్నవాడికి కారుండదు. రెండూ ఉన్న మనిషి రాజమండ్రిలో ఒకరున్నారన్న సంగతి సంస్థకు తెలియదు. సంస్థ ఉన్న సంగతి మాత్రం ఆ మనిషికి వేరుశనక్కాయల పొట్లం విప్పినప్పుడు తెలిసింది. ప్రకటన సగమే ఉంది గానీ, ఆ సగం చాలింది.

ఆయన పాండురంగం మాస్టారు. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు పిల్లలకు చెక్క చిత్రిక పట్టడం, ఇనుము అతకడం నేర్పి రిటైరయ్యారు. భార్య వకుళ పోయి మూడేళ్ళు.

అంతకుముందు ఇరవై ఆరేళ్ళపాటు, ప్రతి మాఘమాసంలోనూ ఆరేసి రోజులు, భార్యాభర్తలిద్దరూ గవ్వలరేవు వచ్చేవారు. మాఘంలో అక్కడి సముద్రం నెమరేస్తూ పడుకున్న ఆవులా ఉంటుంది. సత్రంలో దిగి, సాయంత్రమయ్యేసరికి సరుగుడు తోపు అంచున ఉన్న దిమ్మ మీద కూర్చునేవారు. ఎప్పుడో కూలిపోయిన దీపస్తంభం తాలూకు దిమ్మ అది. వకుళ చీలమండలు దాటి నీళ్ళలో దిగి ఎరగదు. దిమ్మ మీద కూర్చుని తేగ చీల్చుకు తింటూ, దూరంగా పోతున్న పడవల్ని చూసేది.

“అక్కణ్ణించి చూస్తే మనం ఎలా కనిపిస్తామంటారు?” అని అడిగింది ఒకసారి.

“పడవ కొన్నాక వెళ్ళి చూసి చెబుతాలే,” అన్నారు మాస్టారు.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆవిడ అడగడం, ఆయన అదే జవాబు చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. అలా ఇరవై ఆరేళ్ళు వాయిదా పడింది. వాయిదాలు వెయ్యడానికి ప్రభుత్వమే కానక్కర్లేదు. ఆఖరి ఏడు వకుళ పాత దుప్పటి చింపి, పడవ బల్ల మీద వేసుకోవడానికని ఒక మెత్త కుట్టింది.

“పడవేదే?” అన్నారు మాస్టారు.

“మెత్తుంటే పడవ అదే వస్తుంది లెండి,” అందావిడ.

ఆవిడ పోయిన రెండో ఏడు ఆయన గోదారి లంకల్లోంచి ఒక పాత చిన్న పడవ తెచ్చి, పుచ్చిన పలకలు మార్చి, తారులాంటి నల్లటి కీలు పూసి నిలబెట్టారు. కారు వెనక కట్టడానికి రెండు చక్రాల ట్రాలీ తనే దగ్గరుండి అతికించారు. రవాణా ఆఫీసువాళ్ళు ట్రాలీకి 4127 అని నంబరిచ్చారు. పడవకి నంబరెవరిస్తారని అడిగితే, “రోడ్డు మీద తిరిగేదానికే మేం ఇచ్చేది. దాని సంగతి మాకు తెలీదు,” అన్నారు.

మాఘశుద్ధంలో ఒక మంగళవారం మాస్టారు బయల్దేరారు. దారి పొడుగునా టీకొట్ల దగ్గర జనం కారు ఆపారు. గోదారి జిల్లాల్లో పడవ రోడ్డెక్కిందంటే ఎక్కడో ఊరు మునిగిందనే అర్థం.

“ఎక్కడండీ వరద?” అని ఆత్రంగా అడిగారు.

“వరద కాదండీ. సరదాగా సముద్రానికి తీసుకెళ్తున్నా.”

ఆ మాట విన్నాక వాళ్ళు కారుకి దారి వదిలారు. ఒకాయన మాత్రం టీకి డబ్బులు పుచ్చుకోలేదు. ఇలాంటి మనిషి దగ్గర పుచ్చుకోకూడదనుకున్నాడు కాబోలు.

గవ్వలరేవు గేటు దగ్గర కాపలాదారు అప్పలకొండ గొడుగు కింద కునుకుతున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా పడవ. రెండేళ్ళ నుంచి ఈ క్షణం కోసమే అతనికి ఈల ఇచ్చి ఉంచారు. ఈల ఊదాడు. మేడలోంచి నలభైముగ్గురూ బయటికొచ్చారు. ఎవరో పరుగున పోయి బంతిపూల దండ తెచ్చారు. అది పడవ ముక్కుకి వెయ్యాలా, మాస్టారి మెడలో వెయ్యాలా అన్నదాని మీద చిన్న చర్చ జరిగి, పడవకే వేశారు.

జాయింట్ డైరెక్టరు త్రివిక్రమరావుగారు మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నారు. “తమరు ఈ పథకానికి ప్రప్రథమ లబ్ధిదారులు. ఇది కేవలం పడవ కాదు, ఒక దార్శనికత.”

“సంతోషమండీ. ఎండెక్కకముందే నీళ్ళలోకి దించేస్తాను.”

జె.డి. గారు చేతులు వదిలేశారు.

“నీళ్ళలోకా?”

“పడవ కదండీ.”

అందరూ రక్షణాధికారి వంక చూశారు. ఆయన చంకలో ఫైలు ఉండనే ఉంది. “మాస్టారూ, గత యాభై సంవత్సరాలలో ఈ తీరమందు సంభవించిన పడవ ప్రమాదాలన్నింటినీ మేము శాస్త్రీయంగా అధ్యయనం చేశాము. నూటికి నూరు శాతం ప్రమాదాలు నీళ్ళలోనే జరిగాయి. గట్టు మీద ఉండగా మునిగిన నౌక ఒక్కటి కూడా నమోదు కాలేదు.”

“నిజమేననుకోండి...”

“ఒక్క ప్రమాదమూ లేని తీరంగా వరుసగా రెండేళ్ళు మాకు పతకం వచ్చింది,” అన్నారు జె.డి. గారు.

“అప్పుడు పడవలే లేవు కదండీ.”

“మా విధానం ఫలించిందనడానికి అంతకన్నా నిదర్శనం ఏం కావాలి? ఇప్పుడు మీరొచ్చారు. మీరొక్కరే వచ్చారు. ఈ ఒక్క పడవకి ఏమైనా అయితే మా ప్రమాదాల శాతం ఎంతవుతుందో ఆలోచించండి. నూరు.”

మాస్టారు లెక్క తెలిసిన మనిషి. ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయారు.

పడవను దాఖలు చేసుకునే పని సూపర్నెంటు హైమావతిగారికి పడింది. ఆవిడ రిజిస్టరు తెరిచి “నౌక నంబరు?” అని అడిగారు. పడవకి నంబరు లేదు. నంబరు లేనిదేదీ రిజిస్టరు ఎక్కదు. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, ట్రాలీ వెనక రేకు మీద 4127 కనిపించగానే పోయిన ఉంగరం దొరికినంత సంబరపడి రాసుకున్నారు. సంస్థ ముద్రలూ చీటీలూ పడవకి అంటించబోతే కీలు పూసిన చెక్కకి ఒక్కటీ అంటుకోలేదు. అన్నీ ట్రాలీ ఇనుపకమ్మీకే అంటించారు. గొలుసు ఇరుసుకి చుట్టి తాళం వేశారు. ‘సదరు నౌకను తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము పొడిస్థితిలో పరిరక్షించవలసినది’ అని జె.డి. గారు సంతకం చేశారు. ఎండలో అంతసేపూ నిలబడ్డ మాస్టారికి హైమావతిగారు తన కుర్చీ ఇచ్చి తాను నిలబడే రాసుకున్నారు. ఆ రోజుకి జరిగిన మంచి అదొక్కటే అని ఆయన మనసులో వేసుకున్నారు.

బుధవారం పొద్దున్నే మాస్టారు మేడ మెట్లెక్కి మళ్ళీ అడిగారు. ఆదివారం దాకానే తనకి సత్రంలో గది, ఆపైన దక్షిణపు గాలి మొదలైతే తన చిన్న పడవ తట్టుకోదు, గంటసేపు వెళ్ళొస్తే చాలు.

“తమ ఆవేదన సంస్థ దృష్టిలో ఉంది,” అన్నారు జె.డి. గారు. “నౌకకీ సముద్రానికీ సంబంధం ఉండాల్సిందే. కాదనం. అయితే ఆ సంబంధం కోసం నౌకే సముద్రం దగ్గరికి పోవాలని ఎక్కడా లేదు.”

ఆ సాయంత్రం జలస్పర్శ మహోత్సవం జరిగింది. ఒక ఉద్యోగికి రబ్బరు కోటు తొడిగి, నడుముకి తాడు కట్టి, నలుగురు పట్టుకుని, అల చివరి నుంచి బిందెడు సముద్రం తెప్పించారు. దాంట్లో మామిడి రెమ్మ ముంచి జె.డి. గారు పడవ మీద మూడుసార్లు చల్లారు. చప్పట్లు కొట్టారు. ‘నౌక సముద్రస్నానం సురక్షితంగా ముగిసింది’ అని రాజధానికి వార్త వెళ్ళింది.

రాజధాని నుంచి గురువారం జవాబొచ్చింది. ‘సంతోషం. ఇప్పటివరకు ఎన్ని ప్రయాణాలు?’

ఆ ప్రశ్నకి మేడంతా మధ్యాహ్నం భోజనం మానుకుంది. మూడు గంటలకి రక్షణాధికారి మొహం వెలిగింది. ప్రయాణం అంటే ఒకచోటి నుంచి మరోచోటికి పోవడం. నిఘంటువులో నీళ్ళ ప్రసక్తి లేదు. పడవ ట్రాలీ మీదే ఉంది. ట్రాలీకి చక్రాలున్నాయి. తీరం వెంబడి తారురోడ్డుంది.

శుక్రవారం ఉదయం ట్రాక్టరు వచ్చింది. ట్రాలీకి అటూ ఇటూ బల్లలు బిగించి, పడవలో ఆరుగురు, బల్లల మీద పన్నెండుమంది చొప్పున యాత్రికుల్ని ఎక్కించారు. అందరికీ రబ్బరు కోట్లు. ఈత రానివాళ్ళకి ప్రవేశం లేదు. ఈత వచ్చో రాదో తేల్చాలంటే నీళ్ళలో దింపాలి, దింపితే ప్రమాదం. కాబట్టి వరండాలో ఒక బెంచీ వేశారు. దాని మీద బోర్లా పడుకుని కాళ్ళూ చేతులూ ఆడించి చూపినవాళ్ళకి చీటీ ఇచ్చారు. కాకినాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చక్కగా ఆడించింది గానీ, బెంచీ మీంచి జారి కిందపడింది. ఆవిడ మునిగిపోయినట్టు రాసుకుని వెనక్కి పంపేశారు.

మాస్టారికి తెల్లటోపీ పెట్టి పడవ ముక్కున కూర్చోబెట్టారు. చేతికి తెడ్లిచ్చారు.

“తెడ్డు వేస్తుండండి మాస్టారూ,” అన్నారు రక్షణాధికారి. “యాత్రికులకి అనుభూతి కలగాలి.”

“గాలిలోనా అండీ?”

“నెమ్మదిగా. దారినపోయేవాళ్ళకి తగలకుండా.”

మాస్టారు జన్మలో ఎవరికీ ఎదురుచెప్పి ఎరగరు. ఇవాళ మాట వింటే రేపు పోనిస్తారేమోనన్న ఆశ కూడా ఉంది. గాలిలో తెడ్డు వేశారు. ట్రాక్టరు నడకకన్నా మెల్లిగా కదిలింది. మైకులో ఒకమ్మాయి “మీ కుడివైపున కనిపిస్తున్నది సముద్రం,” అని చెబుతోంది. టిక్కెట్టు దొరకనివాళ్ళు పక్కనే నడుస్తూ, పడవలోని తమవాళ్ళకి ఉప్మా అందించారు. ఆ నడిచేవాళ్ళే ముందుగా, ప్రయాణం ముగిసే తపాలా కార్యాలయం దగ్గరికి చేరుకుని, ప్రయాణికులు వచ్చేదాకా చెట్టు కింద కూర్చున్నారు. గతుకుల్లో ఒకాయనకి కడుపులో తిప్పి వాంతి చేసుకుంటే, సముద్రయానం అచ్చు సముద్రయానంలాగే ఉందనడానికి నిదర్శనంగా ఫోటో తీశారు. ట్రాక్టరు డ్రైవరొక్కడే మంచివాడు. మాస్టారు కూర్చున్న వైపు చక్రం గతుకులో పడకుండా తప్పిస్తూ నడిపాడు.

రెండో ప్రయాణంలో, పక్కన తాడు పట్టుకు నడుస్తున్న రక్షకుడి పాదం మీంచి ట్రాలీ చక్రం పోయింది. మనిషి కూలబడి అరిచాడు. జె.డి. గారు పరుగెత్తుకొచ్చారు.

“నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి?” అన్నారు.

“రెండొందల గజాలండీ.”

“అయితే ఇది రోడ్డు ప్రమాదం. మనది కాదు.” ఆయన నుదురు తుడుచుకున్నారు. “పాపం, అతన్ని ఎవరైనా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కోటు విప్పించి తీసుకెళ్ళండి, మన పేరుంది దాని మీద.”

మాస్టారే టోపీ తీసేసి, తన కారులో అతన్ని తీసుకెళ్ళి కట్టు కట్టించుకొచ్చారు. దారిలో అతను నొప్పికి మూలుగుతూనే, “సార్, నాకు ఈత రాదండి. అడక్కుండానే ఉద్యోగం ఇచ్చేశారు,” అని చెప్పుకున్నాడు.

శనివారం జె.డి. గారు మాస్టారిని తన గదికి పిలిపించి, కాఫీ తెప్పించి, ఒక కాగితం చేతికిచ్చారు. పథకం అఖండ విజయం సాధించినందున, 4127 నంబరు గల నౌకను శాశ్వత ప్రదర్శన నౌకగా ప్రకటించడమైనది. ఆదివారం ప్రయాణాలు ముగిసిన మీదట, సోమవారం ఉదయం ముఖద్వారం వద్ద సిమెంటు దిమ్మలో నిలపబడును.

“సిమెంటులోనా?” అన్నారు మాస్టారు.

“చక్రాలు సగానికి మునిగేలా. ఇక దానికి ఏ ప్రమాదమూ రాదు. రాయి మీద మీ పేరు చెక్కిస్తున్నాం.”

“అయ్యా, అది నా పడవండీ. రేపే నాకు ఆఖరి రోజు. ఒక్క గంట... అక్కణ్ణించి ఒడ్డు చూసి వచ్చేస్తాను.”

“ఒడ్డు చూడ్డానికా?” జె.డి. గారు కిటికీ తెర తొలగించారు. “ఇదిగో, ఇక్కణ్ణించి శుభ్రంగా కనిపిస్తుంది. చూడండి, మీ ఇష్టమొచ్చినంతసేపు చూడండి.”

మాస్టారు కాఫీ తాగేసి, గ్లాసు కింద పెట్టి, వచ్చేశారు.

సాయంత్రం దిమ్మ దగ్గరికి నడిచారు. ఇప్పుడు దాని ముందు పన్నెండడుగుల బోర్డు ఉంది. ‘ఇచ్చట కూర్చుండి సముద్రమును వీక్షించవచ్చును’ అని దాని మీద రాసి ఉంది. ఆ బోర్డు వల్ల అక్కడ కూర్చున్నవాళ్ళకి సముద్రం కనబడదు. అదృష్టవశాత్తూ కాంట్రాక్టరు దాన్ని వంకరగా పాతాడు గనక ఎడమ కొసన ఇద్దరు ఇరుక్కుని కూర్చునేంత చోటు మిగిలింది. మాస్టారు అక్కడ కూర్చున్నారు.

నూకరత్నం తేగల బుట్ట దించుకుంది. జాలరిపేట మనిషి. ఇరవై ఏళ్ళుగా ఆ దంపతులకి తేగలమ్మింది ఆవిడే.

“ఏటండీ మేస్టారూ, ఇయ్యాల సముద్రం మీద ఎంతదూరం ఎల్లొచ్చారు?”

“తపాలా ఆఫీసు దాకా వెళ్ళొచ్చాం నూకరత్నం.”

ఆవిడ నవ్వి, ఒక తేగ చీల్చి, అలవాటు కొద్దీ రెండు ముక్కలు చేసి రెండూ ఆయన చేతిలోనే పెట్టింది. “అమ్మగోరు రాలేదేటని మంగళారమే అడుగుదారనుకున్నానండి. మీ మొకం చూసి అడగలేదు.”

మాస్టారు అప్పుడు చెప్పారు. వకుళ పోయిన సంగతి, ఆవిడ అడిగిన మాట, ఇరవై ఆరేళ్ళ వాయిదా, మెత్త, సోమవారం నాటి సిమెంటు. గేటు దగ్గర్నుంచి అప్పలకొండ కూడా వచ్చి నిలబడి విన్నాడు.

“ఓస్, అంతేగదా,” అంది నూకరత్నం. “మా ఆయన తెప్ప మీద తీస్కెల్తాడు. సూసొచ్చెయ్యండి.”

“నా పడవలోంచే చూసి చెబుతానన్నానమ్మా.”

అది నూకరత్నానికి తేలిగ్గానే అర్థమైంది. అప్పలకొండ వైపు తిరిగింది. “ఏం బావా, ఆ గొలుసుకి తాళం నీ కాడే గదా ఉంటది?”

“నన్ను సంపకే రత్నం. ‘4127 నంబరు గల నౌక సంతకం లేకుండా కదలరాదు’ అని నా డ్యూటీ కాగితంలో రాసున్నాది. అది కదిలిందంటే నా ఉద్యోగం పోద్ది. పిల్లదాని పెళ్ళి ఇంకా సెయ్యాల.”

“వద్దు అప్పలకొండా, నీకు మాట రానివ్వను,” అన్నారు మాస్టారు. రెండో తేగ ముక్క చేతిలో అలాగే ఉంది. దాన్ని చూస్తూ ఉండిపోయారు. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఆయన చెప్పిన మొదటి పాఠం, పని మొదలెట్టే ముందు గీసుకున్న బొమ్మలో ఏ భాగానికి ఏ అంకె వేశామో చూసుకోమని. “ఆ నంబరు ఎక్కడుంది?” అన్నారు ఉన్నట్టుండి.

“ఎక్కడుంటదండి, పడవకే.”

“వెళ్ళి చూసిరా.”

అప్పలకొండ వెళ్ళాడు. పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ఇంకోసారి తిరిగాడు. తిరిగొచ్చేటప్పటికి నడకే మారిపోయింది.

“రేకు ట్రాలీకుందండి. ముద్రలు ట్రాలీకున్నాయండి. గొలుసు కూడా ఇరుసుకే.”

“పడవకి?”

“నల్లగా నిగనిగలాడతా ఉందండి. అచ్చరం ముక్క లేదు.” గొంతు తగ్గించాడు. “అయితే ఆ పైనున్నది ఏటండి?”

“మీ కాగితాల్లో అది ఏదీ కాదు.”

అప్పలకొండ చాలాసేపు ఆలోచించాడు. “కాగితంలో లేందాన్ని నేనెలా సూత్తానండి,” అన్నాడు చివరికి. “నాకసలే సూపు తక్కువ.”

ఆదివారం తెల్లవారుతుండగా మాస్టారు స్పానరు తెచ్చుకున్నారు. పడవని ట్రాలీకి పట్టి ఉంచినవి నాలుగే బోల్టులు, తను బిగించినవే. పావుగంటలో ఊడొచ్చాయి. నూకరత్నం మొగుడు గరగయ్య, మరో ఏడుగురు జాలర్లు పడవని భుజాలకెత్తుకుని, ఎర్రజెండా దాటించి, పేట ముందరి ఇసుకలో దించారు. గొలుసు గొలుసులాగే ఉంది, తాళం తాళంలాగే ఉంది. అప్పలకొండ రిజిస్టరు తీసి ‘4127 యథాస్థితి’ అని రాసుకుని టైము వేశాడు. అబద్ధం ఒక్క అక్షరం లేదు.

“మీ ఇద్దరూ నాకో సాయం చెయ్యాలి,” అన్నారు మాస్టారు నూకరత్నంతోనూ అప్పలకొండతోనూ. “ఆ దిమ్మ మీద ఎడమ కొసన కాసేపు కూర్చోవాలి.”

“కూర్చుంటే డ్యూటీ...” అన్నాడు అప్పలకొండ.

“సముద్రాన్ని వీక్షించవచ్చునని బోర్డు పెట్టారు కదయ్యా.”

గరగయ్య నడుములోతు నీళ్ళలో పడవ తోసి, విరిగే అలల వరస దాటించి, తెప్పెక్కి కాస్త దూరంలో ఆగాడు. ఆ తర్వాత తెడ్లు మాస్టారివే. రెండు రోజులుగా గాలిని తోసిన చేతులకి నీటి బరువు తగిలింది. అది తగలగానే ఆయనకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది. దగ్గర్లో ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చారు. ఎదుటి బల్ల మీద వకుళ కుట్టిన మెత్త ఉంది. అంచు తడిసింది.

బాగా లోపలికి పోయాక తెడ్లు పైకెత్తి, ఒడ్డు వైపు చూశారు.

ముందు మేడ కనిపించింది. సముద్రంలోంచి చూసేవాడికి గవ్వలరేవు అంటే ఆ మేడే. తర్వాత బోర్డు వెనకవైపు కనిపించింది. తుప్పుపట్టిన రేకు. చాలాసేపు వెతగ్గా వెతగ్గా సరుగుడు తోపు ఆకుపచ్చ గీతలా దొరికింది. దాని కింద దిమ్మ. దిమ్మ ఎడమ కొసన ఒక చుక్క.

ఒకే చుక్క. అప్పలకొండకి భయమేసి గేటు దగ్గరికి పోయుంటాడు, పాపం, అనుకున్నారు. నూకరత్నం ఒక్కతే కూర్చున్నట్టుంది. ఆ చుక్కనే చూస్తూ ఉన్నారు, ఎండ మెడ మీదికి వచ్చేదాకా.

ఒడ్డుకి చేరాక ఇద్దరూ ఎదురొచ్చారు.

“నువ్వెప్పుడు వెళ్ళిపోయావు అప్పలకొండా?”

“నేనెక్కడికీ ఎల్లలేదండి. మీరు ఎల్లిన కాణ్ణించీ ఆ దిమ్మ మీదే ఉన్నానండి. కాళ్ళు తిమ్మిరెక్కిపోనాయి.”

“ఇద్దరూ ఉన్నారా?”

“ఇద్దరవేనండి,” అంది నూకరత్నం. “ఏం, కనబళ్ళేదా?”

మాస్టారు వెనక్కి తిరిగి దిమ్మ వైపు చూశారు. “కనిపించారు. ఇద్దరూ కనిపించారు,” అన్నారు.

అప్పటికే సంస్థ రోడ్డు మీద రెండో ప్రయాణం నడుస్తోంది. ఎనిమిదింటికి డ్రైవరు సంతకం పెట్టి ట్రాలీని తీసుకుపోయాడు. పడవ ఉండాల్సిన చోట ఉత్త చట్రం ఉంది. అడ్డం లేకపోవడంతో ఇంకో ఆరుగురికి చోటు దొరికింది. ఈసారి నౌకలో గాలి బాగా ఆడుతోందని యాత్రికులు మెచ్చుకున్నారని జె.డి. గారే అన్నారట. మర్నాడు ట్రాలీనే శాస్త్రోక్తంగా సిమెంటులో నిలిపి, రాయి మీద మాస్టారి పేరు చెక్కించారు. పడవ మాత్రం ఎర్రజెండా అవతల గరగయ్య తెప్ప పక్కన బోర్లించి ఉంది, వచ్చే మాఘం దాకా.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ ఆదివారం మధ్యాహ్నం మాస్టారు సత్రం అరుగు మీద ప్యాంటు అంచులు పిండుకుంటుంటే హైమావతిగారు వెతుక్కుంటూ వచ్చారు. చేతిలో లబ్ధిదారు అభిప్రాయ పత్రం ఉంది.

“పొద్దున ప్రయాణంలో మీరు లేరటగా మాస్టారూ. నాయకుడి సీటు ఖాళీ అని చెప్పారు.”

“వేరే ప్రయాణం ఉండిందండీ.”

ఆవిడ కళ్ళు తడిసిన ప్యాంటు మీద కాసేపు ఆగి, పత్రం మీదికి దిగాయి. “నౌక నంబరు 4127. అది నేనే వేసేస్తా. ప్రమాదాలు?”

“లేవండీ.”

“అనుభూతి?”

“కలిగిందండీ.”

“ప్రయాణికులు ఎందరు?”

మాస్టారు పిండిన అంచులు దులిపి, పక్కన ఎండలో ఆరబెట్టిన మెత్తని ఒకసారి తిరగేశారు.

“ఇద్దరం. దూరం నుంచి చూస్తే ఒక్కరే.”

హైమావతిగారు ఆరుతున్న మెత్త వంక చూసి, కలం పత్రం మీద పెట్టారు.

“ఆఫీసు దూరం నుంచే చూస్తుందండీ,” అని, ఒకటి వేసుకుని వెళ్ళిపోయారు.